తాబేళ్ళు అమ్మని మాస్టారు

పోయిన ఆదివారం టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. ఎవరింట్లో పెళ్ళి, ఎవరు ఇల్లు కొన్నారు, అన్నీ చెప్పి మధ్యలో "అన్నట్టు, పిరికి మాస్టారు పోయారు, తెలుసా?" అంది. తెలియదన్నాను. ఎప్పుడు, ఎలా అని అడగాల్సినవన్నీ అడిగి ఫోన్ పెట్టేశాను. అప్పటినుంచి మూడు రోజులుగా ఆయన భార్యకి ఫోన్ చేద్దామని వంటింటి గోడ దగ్గరికి వెళ్ళడం, రిసీవర్ చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ తగిలించేయడం, ఇదే పని. పరామర్శకి అంత భయమెందుకని మా ఆయన అడగలేదు. ఆయనకీ తెలుసు. ఏడేళ్ళ కిందట మాస్టారికి నేనొక అబద్ధం చెప్పాను. దాని బరువు ఆయన మోశారు. ఆ సంగతి ఇప్పుడు ఆవిడకి చెప్పాలి. అంతకుముందు ఆయనెలాంటి మనిషో నాకు నేను ఒకసారి చెప్పుకుంటే ధైర్యం వస్తుందేమోనని కాగితం ముందేసుకున్నాను.

ఆయన పేరు రాయను. ఇర్వింగ్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన తెలుగువాళ్ళు లేరు కూడా. కోస్తాలో ఏదో కాలేజీలో జువాలజీ లెక్చరరుగా చేసి, జాంబియాలో కొన్నేళ్ళు బడిపిల్లలకి పాఠాలు చెప్పి, నర్సుగా వీసా వచ్చిన భార్య వెంట టెక్సాస్ వచ్చారు. ఆవిడకి ఆసుపత్రిలో ఉద్యోగం. ఆయన డిగ్రీలు ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయాయి. హైవే పక్కన ఒక పెట్ షాపులో చేపలూ పాములూ తాబేళ్ళూ ఉండే వెనకగది ఆయనకి అప్పగించారు. ఎదురుగా మాస్టారూ అనేవాళ్ళం. చాటుగా పిరికి మాస్టారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన ఫ్రీవే ఎక్కేవారు కాదు. దాని పక్కనే పోయే సర్వీస్ రోడ్డు మీద, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ, ఇరవై నిమిషాల దారికి గంట పట్టించుకుని వచ్చేవారు. అందరూ తలో వంటా తెచ్చే పాట్‌లక్‌లకి వస్తే ప్రతి గిన్నె ముందూ ఆగి "ఇది ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశారమ్మా?" అని అడిగేవారు. వండి తెచ్చిన ఆడవాళ్ళకి ఒళ్ళు మండేది. టీవీలో సుడిగాలి హెచ్చరిక, టోర్నడో వాచ్ అని అడుగున అక్షరాలు కదిలితే చాలు, డైరీ తెరిచి అందరికీ వరసగా ఫోన్లు. "బాత్‌టబ్‌లో పడుకోండి. పైన పరుపు లాక్కోండి. నవ్వకండి." ఒకసారి మా ఆయన నిజంగానే నవ్వితే, ఆ నవ్వు అయ్యేదాకా ఆగి మళ్ళీ మొదటినుంచి చెప్పారు.

జేబులో ఎప్పుడూ సబ్బుపెట్టె ఉండేది. ఎవరింటికి వచ్చినా ముందు సింక్ దగ్గరికి వెళ్ళి చొక్కా చేతులు మడిచి మోచేతులదాకా కడుక్కునేవారు. పెదవులు కదులుతూ ఉండేవి. ఏమిటని అడిగితే, ఒక కీర్తనలో చరణం మొత్తం మనసులో పాడుకుంటారట, అది అయ్యేదాకా సబ్బు వదలరట. ఆయనది ఆదివారం ఎవరో ఒకరింట్లో తెలుగులో ప్రార్థన పెట్టుకునే చిన్న గుంపు. మేం సత్యనారాయణ వ్రతాలవాళ్ళం. అయినా ఆయన మా వ్రతాలకి వచ్చేవారు, ప్రసాదంలో అరటిపండు ఎప్పుడు కోశారో కనుక్కుని తినేవారు.

ఇంకో అలవాటు, ఏదైనా మూడుసార్లు అడగడం. విసుక్కుంటే చెప్పేవారు: "మొదటిసారి పిల్లలు నోటికొచ్చింది చెప్తారమ్మా. రెండోసారి నాకేం కావాలో చూసి చెప్తారు. మూడోసారికి గానీ తెలిసింది చెప్పరు." వైవా పరీక్షలు పెట్టిన పాత అలవాటు. అడిగాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మన మొహం మళ్ళీ కొత్తగా చూసేవారు.

మా అమ్మాయి సునీతకి అప్పుడు ఏడేళ్ళు. ఆయాసం ఉంది. బొచ్చున్నదేదీ ఇంట్లో ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాళ్ళ క్లాసులో అందరికీ కుక్కో పిల్లో ఉంది. వారానికొకరు తమ జంతువు గురించి నిలబడి చెప్పాలి. సునీత తన వంతు వచ్చినరోజు కడుపునొప్పని ఇంట్లో పడుకుంది. రెండోసారీ అంతే. బొచ్చు లేనిది, అరవనిది, జంతువులు కూడదనే అపార్ట్‌మెంట్ మేనేజర్‌కి కనబడనిది ఏముందా అని ఆలోచించి మా ఆయనే తాబేలు అన్నాడు. చిన్నరకం, చేతిలో పట్టేది. సునీత ఆ రాత్రి ఆనందంతో అన్నం తినలేదు.

మా చిన్నవాడు బుజ్జిగాణ్ణి చంకనేసుకుని, సునీత చెయ్యి పట్టుకుని మాస్టారి షాపుకి వెళ్ళాను. వాడికి ఎనిమిదో నెల. వెనకగదిలో వేడి దీపాల కింద రేకు తొట్లు వరసగా ఉన్నాయి. మాస్టారు సునీతని ఎత్తు పీట మీద నిలబెట్టి ఒక్కొక్కటీ చూపించారు. నేనాయన్ని అంత హాయిగా ఎప్పుడూ చూడలేదు.

"ఇది బాక్స్ టర్టిల్. ఇక్కడి చిట్టడవుల్లో రోడ్లు దాటుతూ దొరుకుతుంది. చూడు, భయమేస్తే తలుపేసుకున్నట్టు డొప్ప మొత్తం మూసేసుకుంటుంది. దీన్ని తీసుకోవద్దు. దానికి పుట్టినచోటే కావాలి. పెరట్లో వదిలితే ఆ చోటు వెతుక్కుంటూ చచ్చేదాకా నడుస్తుంది. ఇదిగో, ఇది మధ్య ఆసియాది. కాలికి నాలుగే వేళ్ళు. ఎప్పుడూ తవ్వుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ తవ్వుతుంది, మీ నాన్నకి నోటీసొస్తుంది."

"టెక్సాస్‌ది అనదర్ వన్ లేదా, అంకుల్?"

"ఉంది. కానీ దాన్ని ఇంట్లో పెట్టుకోవడం చట్టప్రకారం తప్పు. పోలీసులొస్తారు." పోలీసులు అన్నప్పుడు ఆయన గొంతు నిజంగానే తగ్గింది.

చివరి తొట్టిలో ఉంది మాకు కావలసింది. మధ్యధరా సముద్రం ఒడ్డు రకం. పసుపు మీద నల్లమచ్చలు, తోక చివర గోరులాంటి ముల్లు. పెరిగినా జానెడు దాటదు. మగది ఇంకా చిన్నది. సునీత చెయ్యి చాపితే మెడ చాపి దాని వేలు వైపు చూసింది. సునీత ఊపిరి బిగబట్టింది. ఇదే అన్నాను నేను.

అప్పుడాయన చూపు నా చంకలో ఉన్న బుజ్జిగాడి మీద పడింది. వాడు తొట్టి అంచు పట్టుకోబోతున్నాడు. మాస్టారు గబుక్కున వాడి చెయ్యి పట్టుకుని, జేబులోంచి సబ్బు తీసి, మమ్మల్ని సింక్ దగ్గరికి నడిపించారు. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ కడిగారు. కడుగుతూనే అన్నారు.

"ఇవ్వనమ్మా. ఈ పిల్లాడు నోట్లో వేలు పెట్టుకోవడం మానేదాకా ఇంట్లో తాబేలు వద్దు. దీని ఒంట్లో ఒక సూక్ష్మజీవి ఉంటుంది. దానికి ఏమీ కాదు. పసివాళ్ళకి మాత్రం రక్తవిరేచనాలు పట్టుకుంటాయి. నాలుగంగుళాల లోపు తాబేలుని అమ్మకూడదని చట్టం తెచ్చింది అందుకే. పిల్లలు నోట్లో పెట్టుకున్నారని. పెద్ద తాబేలైతే నోట్లో పట్టదు, అంతే తేడా. జీవి అదే."

"మేం జాగ్రత్తగా ఉంటాం మాస్టారూ."

"అందరూ ఉంటారు."

"మీరు అమ్మడానికి కూర్చున్నారా, వద్దని చెప్పడానికి కూర్చున్నారా?" అన్నాను. కోపంలో నా నోటికి అదుపుండదు.

ఆయనకి కోపం రాలేదు. "భయపడండమ్మా, తప్పులేదు" అన్నారు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనేదే. టోర్నడోకీ అదే, బంగాళాదుంపల కూరకీ అదే. సునీత కారులో ఏడుస్తూ కూర్చుంది. నేను స్టీరింగ్ మీద కొడుతూ నడిపాను. పిరికి మనిషి తన పిరికితనం నా పిల్లకి అంటగడుతున్నాడని ఇంటికొచ్చి మా ఆయనతో ఒంటికాలి మీద లేచాను.

మూడు వారాల తరవాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి బుజ్జిగాణ్ణి ఇంట్లో అత్తగారి దగ్గర వదిలాను. ఆవిడ ఆరునెలలుండడానికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఉంది. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది పసిపిల్లల్ని ఇండియా పంపేవారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో డేకేర్‌కి డబ్బు చాలక, తెలిసినవాళ్ళెవరైనా వెళ్తుంటే వాళ్ళ ఒళ్ళో పెట్టి అమ్మమ్మ దగ్గరికి పంపేవారు. అందులో ఎవరికీ వింత లేదు. ఆ సంగతే నాకు పనికొచ్చింది.

"బాబేడమ్మా?" అన్నారు మాస్టారు.

"మా అమ్మ దగ్గరికి పంపేశాం మాస్టారూ. తెలిసినవాళ్ళు వెళ్తుంటే."

సునీత తన బూట్ల వైపు చూసింది.

ఆయన ఏదో పని చేస్తున్నట్టు దీపం తిప్పి, "ఎన్నేళ్ళకి?" అన్నారు. రెండేళ్ళకన్నాను. కాసేపాగి మళ్ళీ, "అంటే ఇప్పుడింట్లో పసివాళ్ళెవరూ లేరు?" లేరన్నాను. తాబేలుని తూకం వేసి, కళ్ళు చూసి, ముక్కు చూసి, వెనక్కాలు మెల్లగా లాగి అది వెనక్కి లాక్కునే బలం చూసి, మూడోసారి అడిగారు. "లేరు కదమ్మా?" కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. లేరని మూడోసారి కూడా చెప్పాను. గొంతు తొణకలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను చూసి నాకే భయమేస్తుంది.

కళ్ళజోడు పెట్టుకున్నాక ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "మేమూ మా అమ్మాయిని తొమ్మిదో నెలలో పంపామమ్మా, జాంబియాలో లుసాకా నుంచి. రెండేళ్ళయ్యాక వెళ్తే నన్ను చూసి గుమ్మం వెనక దాక్కుంది. వారానికొక ఫోటో పంపించమని మీ అమ్మగారికి రాయండి. మీ ఫోటోలు వాడికి రోజూ చూపించమనండి." అరగంటసేపు తాబేలు సంగతి వదిలేసి నాకు ధైర్యం చెప్పారు.

తరవాత సునీతకి కాగితం మీద అంకెలేసి రాసిచ్చారు. పచ్చి ఆకులు పెట్టాలి, పెరుగన్నం పెట్టకూడదు. వంటింట్లోకి తేకూడదు. ముద్దు పెట్టుకోకూడదు. వారానికోసారి దాని పళ్ళెంలో దాని గడ్డం తడిసేంత నీళ్ళలో ఉంచి, ఆ నీళ్ళు టాయిలెట్‌లోనే పారబోయాలి. సునీత అది గోడకి అంటించుకుంది.

కారులో సునీత అడిగింది. "అమ్మా, వై డిడ్ యూ లై? బుజ్జి ఇండియా వెళ్ళలేదు కదా."

"అంకుల్‌కి అనవసరంగా భయం. అందుకని."

మా అత్తగారి ఊరు శ్రీకూర్మానికి కూతవేటు దూరం. అక్కడ కూర్మనాథుడి గుడిలో తాబేళ్ళు తిరుగుతుంటాయి. ఆ ఊరివాళ్ళకి తాబేలు జంతువు కాదు. మేం అట్టపెట్టె తెరవగానే ఆవిడ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. సముద్రాలు దాటి వచ్చినా సామి వదల్లేదని మురిసిపోయింది. నాకు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. సునీత బడికీ మేం ఆఫీసులకీ వెళ్ళాక పగలంతా ఆవిడా బుజ్జిగాడూ తాబేలూ. ఆవిడకి ఇంగ్లీషు రాదు, టీవీ అర్థం కాదు. ఒక తోడు దొరికిందనుకున్నాను.

పది రోజులకి బుజ్జిగాడికి ఒళ్ళు వెచ్చబడింది. విరేచనాలు. పళ్ళొస్తున్నాయని నేను, దిష్టి తగిలిందని అత్తగారు అనుకున్నాం. శనివారమంతా వాము నీళ్ళు పట్టాం. ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. కంతలోంచి చూస్తే మాస్టారు. ప్రార్థన నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, సూటు, చేతిలో కాగితం సంచీ. తనమ్మిన తాబేళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూసొచ్చే అలవాటు ఆయనకుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"బుజ్జిగాణ్ణి తీసుకుని లోపలికెళ్ళండి" అన్నాను మా ఆయనతో. ఆయన వాణ్ణెత్తుకుని బాత్రూమ్‌లో దూరి, ఏడుపు వినబడకుండా కుళాయి తిప్పాడు. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి మేం అలా దాచాం.

మాస్టారు చేతులు కడుక్కుని వచ్చి తాబేలు ముందు కూర్చున్నారు. సంచీలోంచి తను కోసుకొచ్చిన ఆకులు తీశారు. దాని డొప్ప మీద పసుపూ కుంకుమా ఉన్నాయి. పక్కన ఇత్తడి పళ్ళెం, ఉద్ధరిణి.

"ఈ బొట్టేమిటమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు ఉత్సాహంగా ముందుకొచ్చింది. "సామికి రోజూ తానం సేయిత్తన్నాను బాబూ. కోడలు ఆపీసుకెల్లిపోయినాక, పల్లెంలో ఎట్టి నీల్లు పోసి, బొట్టెట్టి, తీర్తం ఇంట్లో అందరికీ. రాత్రి ఈల్లకి మంచినీల్లలో కలిపిత్తన్నాను. సిన్నోడిక్కూడా పొద్దున్నే రెండు సుక్కలు."

"ఏ చిన్నవాడు?" అన్నారు మాస్టారు.

బాత్రూమ్‌లో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆయన నన్ను చూశారు. నేను నేల చూశాను. ఆయన లేచి ఆ తలుపు దగ్గరికి వెళ్ళి, తట్టి, "బాబూ, తలుపు తియ్యండి" అన్నారు.

బుజ్జిగాణ్ణి ఆయన చేతుల్లోకి తీసుకోలేదు. వంగి చూశారు. నడినెత్తి మీద వేలు ఆనించారు. అక్కడ గుంటలా లోపలికి పోయి ఉంది. వాడు నోరు తెరిచి సన్నగా ఏడుస్తున్నాడు.

"వీడికి కన్నీళ్ళేవమ్మా?" అన్నారు.

అప్పుడు చూశాను. నిజంగానే వాడి కళ్ళలో నీళ్ళు లేవు. ఏడుస్తున్నాడు గానీ కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. కన్నతల్లిని, రెండు రోజులుగా ఎత్తుకుని తిరుగుతున్నాను, నేను చూడలేదు.

"వెళ్ళండి. ఎమర్జెన్సీకి. వెళ్ళగానే తాబేలు అని చెప్పండి. పేరు అడిగేలోపే చెప్పండి. తాబేలు, ఆ నీళ్ళు తాగాడు అని. మొదటి మాట అదే కావాలి. నేను వెనకే వస్తాను."

మా ఆయన ఫ్రీవే మీద నడుపుతూ దారిలో అన్నాడు. "తాబేలు మాట చెప్పొద్దు. పెట్ ఉందంటే లీజ్ పోతుంది, అది వేరే సంగతి. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పిల్లాడికి తాబేలు కడిగిన నీళ్ళు తాగించారంటే ఏమనుకుంటారు? పిల్లల్ని ప్రభుత్వంవాళ్ళు తీసుకుపోతారు ఇక్కడ. అమ్మని పోలీసులు అడుగుతారు." ఆయన మాట నాకు నిజమనిపించింది. వెనకసీటులో సునీత పక్కన అత్తగారు వాణ్ణి గుండెకి హత్తుకుని కూర్చుంది. ఏమైందో ఆవిడకింకా తెలియదు.

నర్సు అడిగింది, ఇంట్లో జంతువులున్నాయా అని. లేవన్నాం. చిన్న డాక్టరొచ్చి అడిగాడు. లేవన్నాం. వాడి చేతికి సూది గుచ్చడానికి నరం దొరకడం లేదు. తల పక్కన గుచ్చారు. నేను గోడకానుకుని నిలబడ్డాను. చెబితే పిల్లలు పోతారు, చెప్పకపోతే వీడు పోతాడు. రెండూ సమానంగా భయపెట్టాయి.

ముప్పావుగంట తరవాత పెద్ద డాక్టరు వచ్చి మూడోసారి అడుగుతుండగా మాస్టారు గుమ్మంలో కనిపించారు. ఆ రోజు కూడా సర్వీస్ రోడ్డు మీదే వచ్చారు. మా మొహాలు చూడగానే ఆయనకి అర్థమైంది. ఒక్కక్షణం అక్కడే ఆగారు. ఆయనకి యూనిఫారం అంటే భయం, రిజిస్టరు అంటే భయం, తన పేరు ఎక్కడైనా రాయాలంటే భయం. లోపలికొచ్చి ఇంగ్లీషులో, క్లాసులో చెప్పినట్టు విడివిడిగా చెప్పారు. "డాక్టర్, ఆ ఇంట్లో ఒక తాబేలుంది. నేనే అమ్మాను. దాన్ని ఉంచిన నీళ్ళు ఈ పిల్లాడి కడుపులోకి వెళ్ళాయి. వీళ్ళకి ప్రమాదం తెలియదు. ఇంట్లో పసివాడున్నాడా అని నేను అడగాల్సింది. అడగలేదు. తప్పు నాది. రాసుకోండి."

డాక్టరు రాసుకున్నాడు. ఆ తరవాత అంతా వేగంగా జరిగింది. మందు మార్చారు, రక్తం తీశారు, వెన్నులోంచి నీరు తీశారు. మాస్టారు వరండాలో కుర్చీలో కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుని ఉన్నారు. నేను దగ్గరికెళ్ళాను. "మాస్టారూ, మీరు అడిగారు" అన్నాను.

"ఊరుకోండమ్మా. ఆ పెద్దావిడ పేరు కాగితాల్లో ఎక్కకూడదు. మనవణ్ణి తానే చంపుకోబోయానని ఆవిడకి తెలిస్తే బతకదు. నా పేరు ఉండనివ్వండి. నాకేం చేస్తారు? షాపులోంచి తీసేస్తారు."

అలాగే తీసేశారు. బుజ్జిగాడు తొమ్మిది రోజులకి ఇంటికొచ్చాడు. ఈలోపు ఎవరో అధికారి షాపుకి వెళ్ళి అడిగాడట, యజమాని ఆ సాయంత్రమే మాస్టార్ని పంపించేశాడు. తాబేలుని ఆయనే మా ఇంట్లోంచి తీసుకెళ్ళి, పిల్లలు లేని ఒక రిటైర్డు టీచరుకి ఇచ్చారు. అది ఎలా ఉందో సునీతకి ఉత్తరం రాశారు. ఆ తరవాత ఒక పెద్ద ఆఫీసు గ్యారేజీ బూత్‌లో టికెట్లు ఇచ్చే పనిలో చేరారు.

తెలుగువాళ్ళకి కొత్త కబురు దొరికింది. అంత భయస్థుడు, గిన్నె గిన్నెకీ ప్రశ్నలడిగే మనిషి, అడగాల్సినచోట అడగలేదట అని నవ్వారు. వాళ్ళ ప్రార్థన గుంపులోనూ అనుకున్నారట. పాట్‌లక్‌లో నా పక్కనే నిలబడి ఒకావిడ "మీ బాబు ప్రాణం మీదకి తెచ్చాడు కదండీ" అని నా మీద జాలిపడింది. నేను పులిహోర వడ్డించుకుంటూ ఊరుకున్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు ఊరుకున్నాను.

మేం న్యూజెర్సీ మారేముందు ఇండియన్ షాపులో ఆయన కనిపించారు. బుజ్జిగాడు కందిపప్పు సంచుల మధ్య పరుగులు తీస్తున్నాడు. వాణ్ణి చూసి ఆయన మొహం వెలిగింది గానీ దగ్గరికి తీసుకోలేదు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని వంగి, "మాటలొచ్చాయా బాబూ?" అన్నారు. నేను "మాస్టారూ, ఆ రోజు సంగతి అందరికీ..." అని మొదలుపెట్టాను. "పిల్లాడి ముందు వద్దమ్మా" అన్నారు. ఎదురుగా చెప్పే అవకాశం అదే ఆఖరు. ఆ తరవాత అయిదేళ్ళు ఫోన్ ఉంది, పోస్టు ఉంది. రెండూ గుర్తుండీ నేను వాడలేదు.

ఇంతవరకూ రాసి, కలం మూసి, లేచి ఫోన్ చేశాను.

ఆయన భార్యే ఎత్తింది. ఎవరో చెప్పగానే గుర్తుపట్టింది. "మీ బాబెలా ఉన్నాడమ్మా? ఆయన అడుగుతూనే ఉండేవారు" అంది. బాగున్నాడన్నాను. ఆవిడ కాసేపు ఏడ్చింది. తరవాత తనే అంది.

"ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు ఇన్నాళ్ళకి చేశారు కాబట్టి అడుగుతున్నాను. ప్రతిదీ మూడుసార్లు అడిగే మనిషి, మీ ఇంట్లో పసిపిల్లాడున్నాడా అని ఎలా అడగలేదమ్మా? నేనెన్నిసార్లు అడిగినా, మర్చిపోయానే అనేవారు. నేను నర్సుని. నాకు సిగ్గేసింది, నమ్మకం పోయింది. మా అమ్మాయికి నిరుడు పాప పుట్టింది. ఆయన చేతికి ఇవ్వలేదమ్మా అది. మీకు మతిమరుపు నాన్నా, అంది. నేనూ సరేనన్నాను. ఆయన పాప మంచం పక్కన నిలబడి, చేతులు వెనక కట్టుకుని చూసొచ్చేవారు. ఒక్కసారి కూడా ఎత్తుకోకుండానే పోయారు."

గోడ పక్కన నేలమీద కూర్చుండిపోయాను.

"అడిగారండీ" అన్నాను. "మూడుసార్లు అడిగారు. పిల్లాణ్ణి ఇండియా పంపేశామని మూడుసార్లూ నేనే అబద్ధం చెప్పాను. మమ్మల్ని కాపాడ్డానికి ఆ తప్పు ఆయన మీద వేసుకున్నారు."

తిడుతుందేమో, తిడితే బాగుండునని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది" అంది చివరికి. "ఈ మాట నేను చెప్పలేనమ్మా. మీరే చెప్పండి. నంబరు రాసుకోండి."

కలం కోసం వెతుక్కుని, ఈ కాగితం అంచునే రాసుకున్నాను. అంకెలు వంకరపోతే ఆవిడ మళ్ళీ మెల్లగా చెప్పింది.